సిస్టరమ్మ కోసం వదిలిన ఓడ

టూర్ మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ నా మనుషుల్లో ఒక్కరు కూడా దారి తప్పలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కాశీ సందుల్లో తప్పలేదు, సింగపూరు రైళ్ళలో తప్పలేదు. నేను రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు మదనపల్లెలో మా ఇంటికి వచ్చి, మీ అనుభవం చెప్పండి సార్ అని అడుగుతుంటారు. వాళ్ళకు ఆ గొప్పలే చెప్పి పంపించాను. అది సరి కాదు. ఒకరు వెనకబడ్డారు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు మాటలు. పుంగనూరు పక్కన ఒకప్పుడు కొన్ని ఊళ్ళ మీద మాట చెల్లిన ఇల్లు మాది. తాత కాలంలో పొలాలు పోయాయి, నాన్న కాలంలో మేడ పోయింది. నా వాటాకు వచ్చింది నిటారుగా నిలబడే అలవాటు ఒక్కటే. నాన్న నాకు నేర్పిన నీతి కూడా ఒక్కటే: ఎవరినీ ఏదీ అడగొద్దు. అడిగితే చెయ్యి కిందికి పోతుంది, చెయ్యి కిందికి పోతే తల దానివెంటే పోతుంది అనేవాడు. నాకు ఉద్యోగం ఇచ్చిన ట్రావెల్ కంపెనీ ఓనరు తాత మా ఇంట్లో గుర్రపుబండి తోలేవాడట. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కలిసి పనిచేసిన అన్నేళ్ళలో ఇద్దరం ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన నన్ను ‘సార్’ అనేవాడు, నేను ఆయన్ని ‘ఓనరుగారూ’ అనేవాణ్ణి. లెక్క సరిపోయింది అనుకునేవాళ్ళం.

ఇప్పటి టూర్ మేనేజర్లు బస్సెక్కగానే వేలు చూపించి ఒకటి, రెండు, మూడు అని తలలు లెక్కపెడతారు. నేను పెట్టేవాణ్ణి కాదు. మొదటి కాశీ యాత్రలో అలాగే మొదలుపెడితే, బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

“ఏమప్పా, మేమేమన్నా సంతకు తోలిన గొర్రెలమా? మనుసుల్ని ఏలుబెట్టి లెక్కేస్తారా యాడన్నా? అట్ల లెక్కేస్తే ఒకరు తగ్గుతారు!” అంది. బస్సంతా ఆమె పక్షమే.

మా వైపు ఆ పట్టింపు ఉంది. పిల్లల్ని, పశువుల్ని, భోజనానికి కూర్చున్నవాళ్ళని వేలితో లెక్కించరు. నిజం చెప్పాలంటే నాకూ అది కలిసొచ్చింది. గొంతు చించుకుని అంకెలు అరవడం నాకు చిన్నతనంగా ఉండేది. అందుకని వేరే పద్ధతి పెట్టుకున్నాను. బస్సు కదిలే ముందు ముందువైపు నిలబడి, “పక్కనోళ్ళు ఉండారా?” అని ఒక్కమాట అడిగేవాణ్ణి. ప్రతివాళ్ళూ తమ పక్క సీటు చూసుకుని “ఉండారు, ఉండారు” అనేవాళ్ళు. భార్య లేకపోతే భర్త అరుస్తాడు, వదిన లేకపోతే మరదలు అరుస్తుంది. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు మైకు పట్టుకుని చేసే పనిని నేను ఒక్క ప్రశ్నతో చేస్తున్నానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఓడ యాత్ర మా కంపెనీకి కొత్త. ఇటలీలో ఓడ ఎక్కి, మధ్యధరా సముద్రంలో వారం రోజులు తిరిగి, రోజుకో రేవులో దిగి ఊరు చూసి, సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఇరవై మూడు మంది. మదనపల్లెలో టమాటా మండీ నడిపే ఒకాయన, ఆయన భార్య. కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసి కొడుకులకు అప్పగించిన పెద్దాయన, ఆయన ఇల్లాలు. ఇంకా ఇలాంటి జంటలే. ఇరవై మూడో మనిషి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన ఆమె. డెబ్బై దాటిన మనిషి. అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆమెతో రావాల్సిన స్నేహితురాలికి బయలుదేరే ముందు మోకాలు పట్టేసింది. కాబట్టి సిస్టరమ్మ పక్క సీటు మొదటి రోజు నుంచీ ఖాళీ. ఆమెను మాత్రం నేనే కంటితో చూసుకునేవాణ్ణి.

మూడో రోజు పొద్దున ఓడ మాల్టా దీవికి చేరింది. రేవు చుట్టూ ఎత్తైన కోటగోడలు, మేడలు, గోపురాలు, అన్నీ ఒకే రంగు రాతితో కట్టినవి. కుప్పం పెద్దాయన డెక్కు మీద నుంచే తీర్పు చెప్పేశాడు.

“ఇది రాయా? బెల్లం అచ్చు మాదిరి ఉండాది. గోరుతో గీకితే రాలతాది.”

“రాలకుండా వందల ఏండ్లు నిలబడింది గదప్పా,” అన్నాడు మండీ ఆయన. “నువ్వు ఏసిన గ్రానైటు మెట్లు మా ఇంట్లో రెండేండ్లకే కదిలినాయి.”

“మెట్లు కదల్లేదు. నువ్వు లావైనావు.”

నవ్వుల మధ్య దిగాం. కార్యక్రమం నా చేతిలో కాగితం మీద ఉంది. పొద్దున దీవి మధ్యలో కొండ మీద ఉన్న మ్దీనా అనే పాత కోట ఊరు, భోజనం, ఆ తర్వాత రేవు పక్కనున్న వాలెట్టా పట్టణం. నాలుగున్నరకల్లా అందరూ ఓడ మీద ఉండాలి. ఐదుకు ఓడ కదులుతుంది.

బస్సు ఎక్కగానే సిస్టరమ్మ ముందుకు వచ్చింది.

“నాయనా, మా బైబిలు వాక్యంలో ఈ దీవి పేరు మెలితే. ప్రభువు పంపిన అపొస్తలుడు ఒకాయన ఓడ పగిలి ఈడికే కొట్టుకోని వచ్చినాడు. ఆయన ఉండిన గుహ ఆ కోట పక్కనే ఉండాదంట. ఆడికి ఎన్ని గంటలకు పోతాం?”

కాగితం చూశాను. గుహ లేదు. “అది మన కార్యక్రమంలో లేదమ్మా,” అన్నాను.

“డబ్బు కట్టిన పొద్దు మీ ఓనరు సెప్పినాడే, ఆడికి తీసుకపోతారు లేమ్మా అని?”

“ఓనరుగారు చెప్పింది నాకు తెలియదు. నా కాగితంలో లేనిది నేను చూపించలేను.”

“పది నిమిషాలు నాయనా. నేను ఈ ఓడ ఎక్కిందే దానికి.”

“మీ ఒక్కరి కోసం ఇరవై రెండు మందిని ఆపలేనమ్మా. కూర్చోండి.”

ఆ మాట బస్సంతా వినేలా అన్నాను. గుహ కాగితంలో లేకపోవడం కంటే, ఓనరు నాకు చెప్పకుండా మాట ఇచ్చి ఉండటం నాకు గుచ్చుకుంది. బండి తోలినవాడి మనవడు మాట ఇస్తే నేను నడిపించాలా అన్న పాడు ఆలోచన ఒకటి లోపల మెదిలింది. దాని దెబ్బ ఓనరుకు తగల్లేదు, ఆ ముసలామెకు తగిలింది.  ఆమె వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆ పొద్దంతా నేను ఆమె సీటు వైపు చూడలేదు. చూస్తే కళ్ళు కలుస్తాయి. కలిస్తే నేను ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

మ్దీనా చిన్న ఊరు. సన్నని వీధులు, ఎత్తైన గోడలు, మోటారు బళ్ళు దాదాపు ఉండవు. మా చెప్పుల చప్పుడే మాకు వినిపించింది.

“ఎంత నిశ్శబ్దంగా ఉండాది!” అన్నాడు మండీ ఆయన. “మా ఆడమనిషిని ఈడ ఒక నెల వదిలిపెట్టి పోతా.”

“నువ్వే ఉండు ఈడ,” అంది ఆయన భార్య. “నేను ఇంటికి పోతా. అప్పుడుగదా నాకు నిశ్శబ్దం.”

భోజనం అయ్యాక ఒక గంట ఎవరి ఇష్టం వాళ్ళదని వదిలాను. రెండుంపావుకు కోట వాకిలి దగ్గర బస్సు ఎక్కాం. నా అలవాటు ప్రకారం ముందు నిలబడి “పక్కనోళ్ళు ఉండారా?” అన్నాను.

“ఉండారు, ఉండారు.”

అందరి పక్కనా అందరూ ఉన్నారు. పక్కన ఎవరూ లేని మనిషి ఒకామె ఉందని నా ప్రశ్నకు తెలియదు. తెలిసిన నేనేమో ఆ వైపు తల తిప్పలేదు. బస్సు కదిలింది.

వాలెట్టాలో అందరూ దిగుతుండగా మండీ ఆయన భార్య వెనక నుంచి కేకేసింది. “సారూ, సిస్టరమ్మ సంచి ఈడనే ఉండాది. ఆమె యాడ?”

సంచిలో మందుల డబ్బా, స్వెట్టరు, నీళ్ళ సీసా ఉన్నాయి. ఆమె లేదు. అప్పుడు టైము పావుతక్కువ మూడు. ఫోను చేద్దామంటే ఆమెది ఇక్కడి పలమనేరు దాటితే పనిచేయని ఫోను.

మాతో ఉన్న స్థానిక గైడు, ఆ దీవి అమ్మాయే, నెమ్మదిగా చెప్పింది. మ్దీనాలో ఆ పెద్దామె తనను గుహకు దారి అడిగిందట. కోట బయట నడిచి వెళ్తే పది నిమిషాలని తను చెప్పిందట. “మీకు చెప్పే వెళ్తోంది అనుకున్నాను సార్,” అంది.

నాకు చెబితే ఏమయ్యేదో ఆ పొద్దున బస్సంతా విన్నారు. ఎవరు చెబుతారు?

ఇలాంటప్పుడు పాటించాల్సిన నియమం, పిల్లలూ, మీకూ నేర్పే ఉంటారు. ఒక్కరి కోసం గుంపును వదలకూడదు. తప్పిన మనిషి సంగతి రేవులో ఓడ ఏజెంటుకు చెప్పాలి. మేనేజరు గుంపుతో ఓడెక్కాలి. ఆ నియమం మంచిదే. నేనే ఎందరికో చెప్పాను. కానీ ఆ సంచి నా చేతిలో ఉంది. మందుల డబ్బా మీద ఆమె సొంత చేతి రాతతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అతికించిన కాగితాలు ఉన్నాయి. మధ్యాహ్నం గడిలో మాత్ర అలాగే ఉంది.

“నేను వెనక్కి పోతున్నాను,” అన్నాను. “గైడమ్మ మిమ్మల్ని నాలుగుకల్లా ఓడ ఎక్కిస్తుంది.”

కుప్పం పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. “నువ్వు రాకపోతే మా గతేంది సార్? రేపు ఇంకో ఊరు. మాకు ఇంగిలీసు రాదు.”

మండీ ఆయన అడ్డం వచ్చాడు. “నేనుండా గదప్పా. తెల్లారితే మండీలో లారీలోళ్ళతో, రైతులతో, కమీసనోళ్ళతో అరిసేవోణ్ణి. మీ ఇరవై మందిని మేపలేనా? మీరు పోండి సార్. ఆయమ్మను ఇడిసిపెట్టి మాత్రం రావద్దండి.”

టాక్సీ పట్టుకున్నాను. మూడున్నరకు గుహ ఉన్న చర్చి ముందు దిగాను. కిందికి మెట్లు దిగే తలుపు మూసి ఉంది. దాని ముందు రాతి అరుగు మీద సిస్టరమ్మ కూర్చుని ఉంది. చీర కొంగు తల మీద కప్పుకుని, ఆసుపత్రిలో డాక్టరు రౌండు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

“వచ్చినావా నాయనా,” అంది. ఆశ్చర్యపోలేదు.

“అమ్మా, లేవండి. ఓడకు టైమైపోతోంది.”

“లోపల ఎవరో దూరం దేశమోళ్ళు ప్రార్థన పెట్టుకోని ఉండారంట. నాలుగుకు అయిపోతాదంట. అయినాక నేను పోతా.”

“నాలుగు దాకా ఉంటే ఓడ అందదు.”

“తెలుసు. బస్సు పోయేది కూడా తెలుసు. నీకు తిప్పలు పెడతాండానని తెలుసు. నువ్వు పో నాయనా. నేను ఈడ నుంచి లేసేది లేదు.”

తలుపు పక్క బల్ల దగ్గర కాపలాదారు ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు. నాలాగే నిటారుగా నిలబడ్డాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. నాకు తెలిసి అంతవరకు నేను ఎవరినీ ఒక ఉపకారం అడగలేదు. ఉద్యోగం కూడా ఓనరే ఇంటికి వచ్చి అడిగితే చేరాను. అక్కడ అడిగాను. ఈ తల్లి చాలా దూరం నుంచి వచ్చింది, ఐదు నిమిషాలు, వెనక నిలబడి చూసి వచ్చేస్తుంది, దయచేసి పంపండి అన్నాను. ఇంగ్లీషులోనే అన్నా, చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

ఆయన చాలా మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. లోపల ఉన్నవాళ్ళకు నాలుగు దాకా రాసి ఇచ్చాం, కాగితంలో ఉన్నది తప్ప నేను చేయలేను, ఒక్కరి కోసం వాళ్ళను ఆపలేను అన్నాడు.

పొద్దున నేను అన్న మాటలే. ఒక్కటి తక్కువ కాలేదు. ఆయన మీద కోపం వద్దామన్నా రాలేదు. ఆయన పని ఆయన చక్కగా చేస్తున్నాడు.

ఓనరుకు ఫోను చేశాను. విషయం విన్నాడు.

“ఆయమ్మను రెక్క పట్టుకోని లాక్కోని రాండి సార్!”

“లాక్కుని రాను.”

“యాల రారు? ఓడ పోతే హోటలు, టిక్కెట్లు, గొడవ. కంపెనీ పేరు పోతాది. నేనేదో మాటవరసకు అంటిని, తీసుకపోతారు లేమ్మా అని. దానికింత పట్టు పడతారా ఎవరన్నా?”

“మీరు మాటవరసకు అన్నారు. ఆమె మాటగా తీసుకుంది.”

 ఆయన గొంతు మారింది. “సార్, ఓడ తప్పిస్తే ఇది మీకు కడపటి టూరు. నేను ఊరికే అనడం లేదు.”

“సరే ఓనరుగారూ,” అని పెట్టేశాను.

వెళ్ళి అరుగు మీద సిస్టరమ్మ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం మాత్ర, నీళ్ళు ఇచ్చాను. వేసుకుంది. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది. ఆమె నలభై ఏళ్ళు చేసింది పాముకాటు వార్డులో. శెనక్కాయ పీకే కాలంలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎద్దుబండ్లలో, తర్వాత ఆటోల్లో మోసుకొచ్చేవాళ్ళు. మందు ఎక్కుతున్నంతసేపూ మనిషి నిద్రపోకుండా ఆమె పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించేది. ఎప్పుడూ ఒకటే అధ్యాయం. ఈ దీవిలో అపొస్తలుడు చలిమంట వేస్తుంటే పాము చేతిని పట్టుకోవడం, ఆయన దాన్ని మంటలోకి దులిపేయడం, ఆయనకేమీ కాకపోవడం.

“హిందువులైనా, సాయిబులైనా అందరికీ అదే సదివినా. ఎవరూ వద్దనలేదు,” అంది.

నాలుగుకు తలుపు తెరుచుకుంది. లోపలివాళ్ళు బయటికి రావడానికే ఐదు నిమిషాలు పట్టింది. కాపలాదారు మా కోసమే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మెట్లు దిగడానికి ఆమె నా భుజం పట్టుకుంది. ఆ రోజు దాకా నేను ఎవరి సంచీ మొయ్యలేదు, ఎవరికీ భుజం ఇవ్వలేదు. మేనేజరు మొయ్యకూడదని నా నియమం.

కింద పెద్దగా ఏమీ లేదు. చిన్న గుహ, మంచి దీపం వెలుగు, తెల్లరాతి విగ్రహం ఒకటి. సిస్టరమ్మ విగ్రహానికి మొక్కలేదు. వార్డులో చెయ్యి నడుము మీద పెట్టుకుని రోగి మంచం ముందు నిలబడినట్టు నిలబడింది.

“అయ్యా, మేం బొమ్మలకు మొక్కేవాళ్ళం కాము, ఏమనుకోవద్దు,” అంది పైకే. “ఒక మాట అడగల్లని వచ్చినా. నీ చేతిని పాము పట్టుకుంటే దులిపేసినావు. నీకేమీ కాలేదు. ఆ మాట నమ్మి నేను ఎంతోమందికి సదివినా. శానామంది బతికినారు. కొందరు నేను సదవతా ఉంటేనే పోయినారు. పద్దెనిమిదేండ్ల ఆడబిడ్డ ఒకతె, నా చెయ్యి పట్టుకోని, నాకూ ఏమీ కాదా అక్కా అని అడిగింది. కాదు అంటిని. ఆ బిడ్డకు నేను అబద్ధం సెప్పినానా? అది సెప్పు.”

నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. టైము చూడలేదు. ఆమె కూడా తొందరపడలేదు. జవాబు వస్తే వినాలి కదా అన్నట్టు కొంతసేపు ఆగింది. తర్వాత తిరిగింది.

“పా నాయనా.”

“ఏమన్నా తెలిసిందా అమ్మా?”

“లేదు. అడిగితిని గదా. ఆ బిడ్డ తరపున ఎవరో ఒకరు ఈడికి వచ్చి అడగల్ల. అడిగితిని.”

మేము రేవుకు చేరేసరికి ఓడ కదిలి గోడల మలుపు దగ్గరికి వెళ్ళింది. డెక్కు మీద రంగురంగుల చీరలు కనిపించాయి. మండీ ఆయన తువ్వాలు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. వినపడలేదు గానీ, నోరు చూస్తే తిట్టు కాదని తెలిసింది. మా ఇద్దరి పాస్‌పోర్టులు ఓడవాళ్ళు రేవు ఏజెంటుకు ఇచ్చి వెళ్ళారు. తెల్లవారి సిసిలీకి వెళ్ళే చిన్న ఓడలో బయలుదేరితే, అక్కడి రేవులో మావాళ్ళను కలవవచ్చని ఆయన టిక్కెట్లు రాసిచ్చాడు.

కంపెనీ సంగతి కూడా చెప్పేస్తాను, మీరు అడుగుతారు కాబట్టి. ఊరికి వచ్చాక ఓనరు ఒక కాగితం ముందు పెట్టాడు. ప్రయాణికురాలు చెప్పిన మాట వినకుండా తనంతట తాను వెళ్ళిపోయిందని అందులో రాసి ఉంది. సంతకం పెడితే చాలు, నా టూర్లు నాకు ఉంటాయన్నాడు. ఆయన నాకు మేలు చేయాలనే చూశాడు, అది కాదనను. నేను ఆ కాగితం వెనక్కి తిప్పి, ఆమె సీటు చూసుకోవడం నా బాధ్యత అనీ, మనస్సులో కోపం పెట్టుకుని చూడలేదనీ రాసి సంతకం చేశాను. చివరి ఏడాదిన్నర ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుని తిరుపతి బస్సు టిక్కెట్లు ఇచ్చాను. అడిగినవాళ్ళందరికీ లేచి నిలబడే ఇచ్చాను. పిల్లలూ, మీరు వేలితో లెక్కపెట్టినా, ఇంకెలా లెక్కపెట్టినా, ఎవరి మీద మీకు కోపం ఉందో ముందు ఆ మనిషిని చూసుకోండి. తప్పిపోయేది ఆ మనిషే.

ఇక ఆ తెల్లవారి చిన్న ఓడ. సముద్రం కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది. నాకు కడుపులో తిప్పుతోంది. సిస్టరమ్మ తన మందుల డబ్బాలోంచి ఒక మాత్ర తీసి నా చేతిలో పెట్టింది. నేను చెయ్యి చాపి తీసుకున్నాను. 

తర్వాత నేనే అడిగాను. “అమ్మా, మిమ్మల్ని మళ్ళీ ఆ వార్డులో కూర్చోబెడితే, ఆ అధ్యాయం చదువుతారా?”

ఆమె కిటికీ అద్దంలోంచి సముద్రం వైపు చూస్తూ కొంచెం ఆలోచించింది.

“సదువుతా. యాల సదవను?” అంది. “నాకూ ఏమీ కాదా అక్కా అని అడిగితే మాత్రం, కాదు అని సెప్పను. నాకు తెలీదమ్మా, నేను ఈడనే ఉంటా అని సెప్తా.”